బిడ్డల భయము - లింగాశ్రయము

పసిబిడ్డ భయపడినపుడు మొదట వెదకునది తల్లి కొంగు. ఉఱుము ఉఱిమినను, దీపమాఱినను, వీథిలో కుక్క మొఱిగినను అటే పరుగెత్తును. కొంగు దొరకినంత మాత్రమున ఉఱుము ఆగదు. అయినను ఏడ్పు ఆగును. ఆశ్రయమనగా నేమో బిడ్డకు ఒకరు చెప్పకయే తెలిసియున్నది. శివునియందు నమ్మకము నేర్పుటయనగా ఆ తెలివికి కొంగుకన్న పెద్దదగు తావును చూపుటయే.

వీరశైవుల యిండ్లలో ఈ పని బిడ్డ పుట్టిన కొలది దినములకే మొదలగుచున్నది. గురువో జంగమమూర్తియో వచ్చి శిశువునకు లింగధారణము చేయును. మాట రాకముందే, నడక రాకముందే దేవుడు ఱొమ్ముపై నుండును. గుడి తలుపులు రాత్రివేళ మూయబడును. శివదారమున నున్న లింగమునకు తలుపు లేదు. షట్స్థలములలో అయిదవదానికి శరణస్థలమని పేరు. బసవేశ్వరునితో కల్యాణమున కూడిన భక్తులను శరణులనియే లోకము పిలుచుచున్నది.

ఇంతటి సొమ్ము చేతనుండగా ఇండ్లలో జరుగునదేమి? అన్నము తినకున్న బూచివాడు వచ్చును, చదువకున్న పంతులు బెత్తము తెచ్చును, అబద్ధమాడిన లింగయ్య కన్ను పొడుచును! బూచివానినైనను క్షమింపవచ్చును, పదియేండ్లు నిండునప్పటికి వాడు తానే తొలగిపోవును. మూడవ మాట అట్లు తొలగదు. పగలంతయు బెత్తము పట్టినవానిగా చూపిన దేవునియొద్దకు బిడ్డ రాత్రి భయపడి పరుగెత్తునని ఆశించుట యెట్లు?

పాల్కురికి సోమనాథుని బసవపురాణమందలి ముగ్ధభక్తులలో గొడగూచి యను బాలిక కలదు. తండ్రి ఊరికి పోవుచు శివునకు పాలు ఆరగింపు చేయుమని చెప్పెను. బాలిక పాలు కొనిపోయి ముందుంచగా శివుడు త్రాగలేదు. తండ్రి కోపించునని బెదరి బతిమాలెను, ఏడ్చెను, ప్రాణము విడువబూనెను. శివుడు పాలు త్రాగెను. ఇండ్లలో ఈ కథ చెప్పువారు తఱచుగా ఇచటనే ముగింతురు. తరువాతి భాగమే ముఖ్యము. తిరిగివచ్చిన తండ్రి నమ్మలేదు. తన యెదుట త్రాగించి చూపుమనెను. ఆ దినము పాలు తఱుగలేదు. తండ్రి కోపమునకు జడిసిన బాలిక లింగమునే శరణు జొచ్చెను. శివుడామెను తనలో చేర్చుకొనెను.

కోరినది జరుగలేదు, అయినను బాలిక శివుని విడిచి వేఱొకచోటికి పరుగెత్తలేదు. బిడ్డలకు చెప్పవలసినది ఇది. "లింగము కట్టుకొన్నావు, నీకేమియు కాదు" అని మాట యిచ్చుట తగదు. జ్వరము వచ్చును, పరీక్ష తప్పును, ఇంటి పెద్దలు పోవుదురు. ఆనాడు బిడ్డ తల్లి మాటను, దేవుని మాటను ఒక్కసారిగా అనుమానించును. ఇష్టలింగము తాయెత్తు కాదు.

తండ్రి తన భయమును బిడ్డనుండి దాచనక్కఱలేదు. వాన రాక చేను ఎండిన యేట, అప్పు తీఱని నాట, అతడు కరస్థలమున లింగమునుంచుకొని నిశ్చలముగా కూర్చుండుటను బిడ్డ చూచిన చాలును. ఆ పాఠము నోట చెప్పునది కాదు.

ఒక యింట అవ్వ తన మనుమనికి చీకటి భయము పోగొట్టుటకై లింగముపై చేయి యుంచి పంచాక్షరి చెప్పుకొనుట నేర్పినది. కొన్నాళ్ళకు ఆమె లింగైక్యము పొందినది. ఆచారము ప్రకారము సమాధిలో కూర్చుండబెట్టి, విభూతి ధరింపజేసి, ఆమె ఇష్టలింగమును ఎడమ అఱచేత నుంచిరి. మట్టి వేయుటకు ముందు బాలుడు తండ్రి చేయి లాగి, "నాయనా, లోపల చీకటి కదా! అవ్వకు భయము కాదా?" అనెను. పెద్దలొకరు జీవుడు, దేహము అని తత్త్వము మొదలిడబోగా తండ్రి వారించి, "అవ్వ చేతిలో నేమున్నదో చూచితివా?" అనెను.

"లింగయ్య."

"అవ్వ నీకు నేర్పినది ఆమె మఱచునా?"

బాలుడు చాలసేపు చూచి, తలయూచి, తన ఱొమ్ముపై చేయి యుంచుకొనెను. ఆ రాత్రి మాత్రము దీపమార్పవద్దని కోరెను. తండ్రి ఆర్పలేదు.