ఓపిక లేనివేళ ధర్మం

కిడ్నీ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారిని ఎక్కువకాలం వెంటాడేది నొప్పికన్నా నీరసమే. కుట్లు మానతాయి, గొట్టాలు తీసేస్తారు, ఇంటికి పంపిస్తారు. లాప్రోస్కోపీతోనో రోబో సాయంతోనో చేసిన ఆపరేషన్ అయితే మూడు నుంచి ఆరు వారాల్లో, పెద్ద కోత పెట్టి చేసినదైతే ఆరు నుంచి పన్నెండు వారాల్లో మామూలు పనుల్లో పడవచ్చని డాక్టర్లు చెబుతారు. ఆ గడువు దాటాక కూడా స్నానం చేసి వచ్చేసరికి మంచం మీద వాలిపోవడం, వచ్చినవాళ్లతో కాసేపు మాట్లాడితే ఒళ్లు తూలడం చాలామందికి ఎదురయ్యేదే. ఈ నీరసం రాత్రంతా నిద్రపోయినా తీరదు. చేసిన పనికీ వచ్చిన అలసటకీ పొంతన ఉండదు. మామూలు బడలికకూ దీనికీ ఉన్న తేడా అదే.

కారణాలు ఒంట్లోనే ఉన్నాయి. ఎముక మూలుగలో ఎర్ర రక్తకణాలు తయారు కావాలంటే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ కావాలి. దాన్ని ప్రధానంగా తయారుచేసేవి కిడ్నీలు. ఒక కిడ్నీ పోవడం, ఆపరేషన్‌లో రక్తం పోవడం, రెండూ రక్తహీనతకు దారితీయవచ్చు. మిగిలిన కిడ్నీ కొన్ని నెలల్లో కాస్త పెరిగి అదనపు భారం మోస్తుంది. ఆరోగ్యవంతులైన కిడ్నీ దాతల్లో మొత్తం వడపోత సామర్థ్యం చివరకు మునుపటిలో 70 శాతం దరిదాపుల్లో నిలుస్తుంది. వయసు మీరినవారిలో, షుగరు, బీపీ ఉన్నవారిలో అంతకన్నా తగ్గవచ్చు. గాయం మానే క్రమంలో ఒంట్లో పుట్టే రసాయనాలు మెదడు మీద కూడా పనిచేసి మగతను, అనాసక్తిని తెస్తాయి. ఆపరేషన్ తర్వాత పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ తీసుకునేవారిలో థైరాయిడ్ మందగించి నీరసం పెరగవచ్చు. వీటికి నొప్పి మాత్రల మత్తు, తెగుతూ వచ్చే నిద్ర, సయించని తిండి, కరిగిన కండ, జబ్బు మళ్లీ తిరగబెడుతుందేమోనన్న భయం తోడవుతాయి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించకుండా ఈ నీరసాన్ని మనోబలంతో జయించమని చెప్పడం అన్యాయం. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచినా, జ్వరం తగిలినా, మూత్రం తగ్గినా అది నీరసం లెక్కలోకి రాదు; వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పరీక్షలతో తేలని ప్రశ్న మరొకటి ఉంది. పని చేయలేని మనిషి తన ధర్మం తప్పుతున్నట్టా? మన ఇళ్లలో మనిషి మంచితనాన్ని కష్టపడే గుణంతో కొలుస్తారు. తెల్లవారకముందే లేచే ఇల్లాలు, ఒక్కరోజు సెలవు పెట్టని ఉద్యోగి, డెబ్బై ఏళ్లు దాటినా పొలం గట్టు మీద కనిపించే పెద్దాయన, వీళ్లనే ఆదర్శంగా చూపిస్తారు. కిడ్నీ ఆపరేషన్ గాయం చొక్కా కిందో చీర కిందో ఉండిపోతుంది. జుట్టు రాలదు. మొహం తేటపడుతుంది. చూడవచ్చినవాళ్లు ‘పైకి బాగానే ఉన్నావుగా’ అంటారు. ఆ మాటలో దురుద్దేశం ఉండదు, కానీ విన్న రోగి తనలో తాను విచారణ మొదలుపెడతాడు. ఇది జబ్బా, బద్ధకమా? పూజ మానేశాను, నమాజు తప్పింది, ఆదివారం చర్చికి వెళ్లలేదు, భక్తి తగ్గిందా? నీరసం కన్నా ఈ విచారణ మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది.

భారతీయ చింతన ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో, సాధనకు అడ్డుపడేవాటిని తొమ్మిదింటిని లెక్కపెట్టారు. అందులో వ్యాధి మొదటిది, స్త్యానం రెండోది, ఆలస్యం అయిదోది. ఆ సూత్రాల మీది వ్యాసభాష్యం ప్రకారం వ్యాధి అంటే శరీర ధాతువుల, రసాల, ఇంద్రియాల సమతౌల్యం చెడడం. స్త్యానం అంటే మనసు పనికి పూనుకోలేకపోవడం. ఆలస్యం అంటే ఒళ్లూ మనసూ బరువెక్కి ప్రయత్నమే చేయకపోవడం. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి: మనిషి పడుకునే ఉంటాడు. అయినా శాస్త్రకారుడు వాటిని ఒక్క గంపలో వేయలేదు. వ్యాధిని విడిగా, అన్నిటికన్నా ముందు నిలబెట్టడంలో ఎంతో న్యాయం ఉంది. రోగి నిస్సత్తువకు బద్ధకమని పేరుపెట్టే హక్కు చూడవచ్చినవాళ్లకు లేదు, రోగికీ లేదు.

అయితే ఈ మూడింటి మధ్య గోడలు దళసరివి కావు. వ్యాధిగా మొదలైనది నెలల తరబడి మంచానికే అంటిపెట్టుకుంటే కండ తగ్గుతుంది, కండ తగ్గితే నీరసం పెరుగుతుంది, నీరసం పెరిగితే లేవాలనే అనిపించదు. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం ప్రమాదం (ఏమరుపాటు), ఆలస్యం, నిద్ర అనేవాటిని తమోగుణపు కట్లుగా చెప్పింది ఇటువంటి చక్రాన్ని ఉద్దేశించే కావచ్చు. మూడో అధ్యాయం, ఎవరూ ఒక్క క్షణం కూడా కర్మ చేయకుండా ఉండలేరని చెప్పి, శరీరాన్ని నడుపుకోవడం కూడా కర్మేనని గుర్తుచేస్తుంది. ఆపరేషన్ అయినవారికి ఈ రెండో మాట చాలా విలువైనది. లేచి కూర్చోవడం, వరండా చివరిదాకా నడిచిరావడం, సయించకపోయినా నాలుగు ముద్దలు తినడం, డాక్టరు చెప్పినన్ని నీళ్లు తాగడం, ఆ దశలో చేయాల్సిన కర్మ ఇదే. లోకానికి కనిపించే పనికన్నా ఇది తక్కువది అనే తీర్పు గీతలో లేదు.

ఆచారాల విషయంలో మతాలు రోగికి ఇచ్చిన వెసులుబాటు ఆ మతస్థులు అనుకునేదానికన్నా విశాలం. ధర్మశాస్త్రాల్లో రోగిని ఆతురుడిగా వేరుచేసి చెబుతారు. ప్రాయశ్చిత్తాల్లో అతనికి సగం చాలు. స్నానాలు ఏడు రకాలని లెక్కించి, నీళ్లలో మునిగే వారుణ స్నానం చేయలేనివారికి మంత్రస్నానం, భస్మంతో చేసే ఆగ్నేయస్నానం, కేవలం ధ్యానంతో చేసే మానసస్నానం విధించారు. మహాభారతం ఉద్యోగపర్వంలో వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని ఒక జాబితా ఉంది. నీరు, పండు, పాలు, మందు అందులో ఉన్నాయి. కార్తీకమాసంలో, ఏకాదశి నాడు చుక్క నీరు ముట్టకుండా ఉండాలనే పట్టుదల ఒక్క కిడ్నీతో బతికేవారికి హానికరం. అది శాస్త్రం కోరినది కూడా కాదు. ఖుర్ఆన్ రెండో అధ్యాయం రోగికి రంజాన్ ఉపవాసం నుంచి మినహాయింపునిచ్చి, కోలుకున్నాక ఆ రోజులు పూర్తిచేయమంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు పడుకుని నమాజు చేయవచ్చని హదీసు చెబుతుంది. బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ మరింత సూటిగా ఉంటుంది. ప్రాణభయంతో ఎడారికి పారిపోయి, ఇక చాలు, చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్న అతన్ని దేవుడు మందలించలేదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి మళ్లీ తినిపించాడు. హోరేబు కొండకు నడక, దేవునితో మాట, అన్నీ ఆ తర్వాతే. విశ్వాసం సడలితేనే మనిషి అలసిపోతాడని నమ్మేవారు ఈ వరుసను శ్రద్ధగా చదవాలి.

తెలుగువాళ్లలో ఆచారం తప్పకూడదనే ఈ పట్టుదల మొక్కు దగ్గర చిక్కుగా మారుతుంది. ఆపరేషన్ గట్టెక్కితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని మొక్కుకోవడం మామూలే. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. రిపోర్టు బాగా వచ్చింది కాబట్టి ఆలస్యం చేస్తే స్వామికి కోపం వస్తుందని రెండో నెలలోనే బయలుదేరదీసే కుటుంబాలున్నాయి. గీత పదిహేడో అధ్యాయం, శాస్త్రం విధించని ఘోరతపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవారు లోపలున్న తననే బాధిస్తున్నారని కృష్ణుడి చేత చెప్పించింది. కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు పార్వతిని అడిగే కుశలప్రశ్నల్లో ఒకటి, నీ శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని. తపస్సు ఎవరి కోసమో ఆ దేవుడే ఈ ప్రశ్న అడగడంలో ఎంత దయ ఉంది! మొక్కుకు తేదీ పెట్టేది మనిషే కాబట్టి దాన్ని వాయిదా వేసుకునే అధికారమూ మనిషిదే. తలనీలాలు ఇప్పుడిచ్చి, బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని, నడక మొక్కును డాక్టరు సరేనన్న నాటికి ఉంచుకోవచ్చు.

ఇంతకన్నా లోతుగా గుచ్చుకునేది ‘ఏ జన్మలో ఏ పాపం చేశానో’ అనే మాట. కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకునేవారు కూడా ప్రతి రోగానికీ పూర్వకర్మే కారణమని ఒప్పుకోనక్కర్లేదు. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? బుద్ధుడు పిత్తం, కఫం, వాతం, వాటి కలయిక, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, కర్మఫలం అని ఎనిమిది కారణాలు చెప్పి, అన్నిటినీ చివరిదాని మీదికే నెట్టేవారు హద్దు దాటుతున్నారంటాడు. చరకసంహిత విమానస్థానంలో ఆయుర్దాయమంతా ముందే నిర్ణయమై ఉంటే మందులెందుకు, జాగ్రత్తలెందుకు అనే వాదన ఉంది. దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) రెండూ కలిసే పనిచేస్తాయని అక్కడి తీర్మానం. పొగతాగడం, ఊబకాయం, అధిక రక్తపోటు, కొన్ని వంశపారంపర్య జన్యులోపాలు కిడ్నీ క్యాన్సర్ ముప్పును పెంచుతాయని వైద్యం చెబుతోంది. ఇవేవీ లేనివారికి కూడా అది వస్తోంది. తప్పు వెతకడానికి ఖర్చయ్యే ఓపిక, అసలే కొద్దిగా ఉన్న ఓపికలోంచే పోతుంది.

ఉన్న ఓపికను ఎలా వాడుకోవాలన్నది మితానికి సంబంధించిన ప్రశ్న. క్యాన్సర్ నీరసానికి నేటి వైద్యం ఎక్కువగా నమ్మేది క్రమంగా పెంచే నడకను. మొదట ఇంట్లోనే రోజుకు రెండు మూడు సార్లు కొద్ది నిమిషాలు, తర్వాత వీధి చివరిదాకా, వారం వారం కాస్త ఎక్కువ. వ్యాయామం అర్ధశక్తి దాకానే చేయాలని సుశ్రుతుడు అన్నాడు. నోటితో ఊపిరి పీల్చాల్సి వస్తే ఆ హద్దు వచ్చినట్టు. ఆ నియమం ఆరోగ్యవంతులకు చెప్పినది, కాబట్టి రోగికి హద్దు ఇంకా ముందే వస్తుంది. మొదటి ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంకనెక్కే మనవడు, ఏ బరువూ ఎత్తకూడదు. నొప్పి అంటూ మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కుని మింగితే మిగిలిన కిడ్నీకి దెబ్బ.

అందరూ పడే పొరపాటు ఒకటుంది. ఒకరోజు ఒంట్లో హుషారుగా ఉంటే, ఇన్నాళ్లూ ఆగిన పనులన్నీ ఆ పూటే తీర్చేయాలని పూనుకుంటారు. అల్మారా సర్దుతారు, బ్యాంకుకు వెళ్తారు, పెళ్లికి వెళ్లొస్తారు. తర్వాత రెండు రోజులు లేవలేరు. ఏ వేళకు ఎంత ఓపిక ఉందో సున్నా నుంచి పది దాకా అంకె వేసి కొన్నాళ్లు రాసుకుంటే, ముఖ్యమైన పనిని ఓపికున్న వేళకు మార్చుకోవచ్చు. పగటి నిద్ర అరగంట దాటకపోతే రాత్రి నిద్ర నిలుస్తుంది. గీత ఆరో అధ్యాయం ఆహారంలో, విహారంలో, చేష్టల్లో, నిద్రలో, మెలకువలో మితం పాటించేవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందంది. ధ్యానం చేసేవారికి చెప్పిన ఆ మాట కోలుకునేవారి దినచర్యకు అక్షరాలా వర్తిస్తుంది.

మితం పాటించాలంటే కొన్ని పనులు ఇతరులకు అప్పగించాలి. చాలామందికి ఇదే కష్టం. జీవితమంతా పెట్టిన చేతికి పుచ్చుకోవడం రాదు. పిల్లల చేత, కోడలి చేత చేయించుకుంటే రుణపడిపోతామనే బాధ. మజ్ఝిమ నికాయంలోని ఒక ఘట్టం ఇక్కడ ఆలోచించదగ్గది. కపిలవస్తులో శాక్యులు కట్టిన కొత్త సభాభవనంలో రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడిన బుద్ధుడు, నడుము నొప్పిగా ఉంది, వాలుతాను, మిగిలినది నువ్వు చెప్పు అని ఆనందుడికి అప్పగించి కుడిపక్కకు తిరిగి పడుకున్నాడు. ఆనందుడు చెప్పడం ముగించాక లేచి, బాగా చెప్పావని మెచ్చుకున్నాడు. గురువు నడుము వాల్చడం వల్ల ధర్మబోధ ఆగలేదు, శిష్యుడికి అవకాశం దొరికింది. గొంతు క్యాన్సర్‌తో కాశీపూర్ తోటలో ఉన్న రామకృష్ణ పరమహంసకు 1886 ఆగస్టు దాకా వంతులవారీగా సేవ చేసిన యువకులే తర్వాత రామకృష్ణ మఠానికి మూలపురుషులయ్యారు. ఆయన సేవ చేయించుకోవడానికి నిరాకరించి ఉంటే ఆ బంధం అంత గట్టిగా పడేదా అన్నది అడగదగ్గ ప్రశ్నే. ఇటువంటి మహానుభావుల సహనాన్ని మాత్రమే ఎత్తిచూపి, వారే నొప్పిని లెక్కచేయలేదు, నీకేమిటని రోగిని అడగడం వారి జీవితాల్లో సగాన్ని దాచిపెట్టడమే.

ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ శక్తి తిరిగి వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. జబ్బు ముదిరి జీవితాంతం మందులు వాడాల్సినవారికి, మిగిలిన కిడ్నీ కూడా బలహీనపడినవారికి నీరసం ఒక దశగా కాక జీవనస్థితిగా మిగులుతుంది. వారికి ‘త్వరలో మునుపటిలా అయిపోతావు’ అనే ఓదార్పు కూడా బరువే. మతాచారాలు ఈ స్థితిని కూడా ఊహించాయి. కోలుకుంటామనే ఆశ లేని ముస్లిం రోగి తప్పిన ఉపవాసాలను తర్వాత పూర్తిచేయాల్సిన పని లేదు; ఒక్కో రోజుకు ఒక్కో పేదవాడికి అన్నం పెడితే చాలు, దాన్ని ఫిద్యా అంటారు. హిందువుల మానసపూజకు పీట, పువ్వులు, మడి ఏవీ అక్కర్లేదు. మంచం మీదే ఆవాహన నుంచి నైవేద్యం దాకా మనసులో సాగుతుంది. దానికి ఇన్ని రోజులే అన్న గడువు లేదు, శక్తి వచ్చాక బయటి పూజ చేసి లోటు పూడ్చాలనే షరతూ లేదు.