ప్రతినిధి లేని తల్లి

పసిబిడ్డకు పాలివ్వడం తల్లి ధర్మమని అందరూ అంటారు గాని, ఆ ధర్మంలో ప్రధానమేది, దానికి అంగమేది అన్న విచారణ చేసినవారు తక్కువ. తల్లి ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ విచారణతో పనిపడదు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి చన్నిస్తుంది, ప్రధానమూ అంగమూ ఒకే చర్యలో కలిసిపోతాయి. ఆమె మానసిక వ్యాధికి మందు వాడుతున్నదైనప్పుడు, మందు పాలలోకి దిగుతుందన్న భయమో, రాత్రుళ్లు తెగిపోయే నిద్ర వ్యాధిని తిరగబెడుతుందన్న భయమో తలెత్తినప్పుడు, ఆ రెండూ విడివడి ఎదురెదురుగా నిలుస్తాయి.

కాన్పు తర్వాత వారాల తరబడి వదలని దిగులును ప్రసవానంతర కుంగుబాటు అంటారు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినది, బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ఈ కుంగుబాటు ఉన్నట్టు లెక్కకట్టింది. ప్రసవానంతర ఉన్మాదం, అంటే లేనివి కనబడి, వినబడి, తల్లికి తాను ఎవరో బిడ్డ ఎవరో తెలియని స్థితి, అంత తరచు రాదు. వెయ్యి కాన్పులకు ఒకటి రెండు చోట్ల, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. ఉద్రేకమూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ వ్యాధి ముందునుంచీ ఉన్న స్త్రీకి ఈ ప్రమాదం చాలా హెచ్చు. పాలకోసమని మందు మానేయడం, నిద్ర కరువవడం దాన్ని ఇంకా పెంచుతాయి. మందులన్నీ ఒక తీరువి కావు. కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలిన్ పాలలోకి దిగేది బహు స్వల్పం, దాన్ని వాడుతూ పాలివ్వవచ్చునని వైద్యులు అంటారు. లిథియం గణనీయంగా దిగుతుంది కనుక దాన్ని వాడుతూ పాలిస్తే బిడ్డ రక్తాన్ని కూడా పరీక్షిస్తూ ఉండాలి. క్లోజపిన్ వాడే తల్లిని సాధారణంగా పాలివ్వవద్దనే అంటారు. కాబట్టి పాలివ్వాలా వద్దా అన్న ప్రశ్నకు అందరికీ చెల్లే ఒకే జవాబు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

ధర్మాన్ని వాక్యవిచారణతో తేల్చే పూర్వమీమాంసలో ఈ చిక్కుకు పనికివచ్చే చర్చ ఒకటుంది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం మూడవ పాదం, నిత్యకర్మను, అంటే అగ్నిహోత్రం వలె ఫలాపేక్షతో నిమిత్తం లేకుండా తప్పక చేయవలసిన కర్మను, కామ్యకర్మ నుంచి, అంటే ఏదో ఫలం కోరి చేసే కర్మ నుంచి వేరు చేస్తుంది. కామ్యంలో ఏ అంగమూ లోపించకూడదు. నిత్యంలో ప్రధానాన్ని విడవకుండా, అంగాలను యథాశక్తిగా, చేయగలిగినంత మేరకు చేస్తే చాలు. ఆ పాదంలోనే ప్రతినిధి విచారమూ ఉంది. ప్రతినిధి అంటే విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దాని స్థానంలో తీసుకునే, దాన్ని పోలిన ద్రవ్యం: వరి లేకపోతే నివ్వరి, సోమలత లేకపోతే పూతిక. అలా చేసిన యజ్ఞం చెడిపోదు. అయితే అన్నిటికీ ప్రతినిధి చెల్లదు. దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రానికి లేదు, యజ్ఞం చేసే యజమానికీ లేదు.

బిడ్డ ఆకలి తీర్చడం ఏ కోరికతోనో చేసే కామ్యకర్మ కాదు, మానడానికి వీలులేని నిత్యకర్మ. అందులో బిడ్డ పోషణ ప్రధానం, చనుబాలు ద్రవ్యం, తల్లి యజమాని. ద్రవ్యాన్ని కాపాడుకోవడానికి మందు మాన్పించి తల్లి మనసును పోగొట్టుకుంటే, ప్రతినిధి ఉన్నదాన్ని దక్కించుకుని ప్రతినిధి లేనిదాన్ని ధారపోసినట్టవుతుంది. పోతపాలను ఆపద్ధర్మమని, అంటే గతిలేనప్పుడు మాత్రమే సహించదగిన పని అని అనేవారున్నారు. ఆ మాటలో దయ ఉన్నది గాని న్యాయం పూర్తిగా లేదు. శక్తికి తగినట్టు నిత్యకర్మ చేసినవారు కర్మ చేసినవారే, వారిమీద లోపం మోపడానికి శాస్త్రం ఒప్పదు.

పురాణాలు సైతం తల్లితనాన్ని చనుబాలకు కట్టివేయలేదు. దేవకి కన్న బిడ్డకు యశోద పాలిచ్చింది. షణ్ముఖుడికి ఆరుగురు కృత్తికలు పాలిచ్చారు. తండ్రి పార్శ్వం నుంచి పుట్టిన మాంధాతకు పాలిచ్చే తల్లే లేకపోతే ఇంద్రుడు తన వేలు నోటికిచ్చాడని మహాభారతం చెబుతుంది. సుశ్రుతసంహిత శారీరస్థానం పదవ అధ్యాయం కోపం, శోకం, వాత్సల్యలోపం వల్ల పాలు ఇంకిపోతాయని అంటుంది. ఈ వాక్యంలోని చివరి మాటను పట్టుకుని పాలు పడని తల్లికి ప్రేమ లేదని తేల్చేవారు, అదే అధ్యాయం ధాత్రిని, అంటే పాలిచ్చే దాదిని, ఎలా ఎంచుకోవాలో వివరించి, చనుబాలు లేనప్పుడు మేకపాలో ఆవుపాలో పట్టమని చెప్పిన సంగతిని గమనించరు. ఖురాన్ రెండవ అధ్యాయం 233వ వాక్యం పాలిచ్చే గడువు రెండేళ్లని చెబుతూనే, దంపతులు సంప్రదించుకుని ముందే మాన్పించడానికీ, దాదిని పెట్టుకోవడానికీ అనుమతిస్తుంది. బిడ్డ కారణంగా తల్లికి హాని కలగకూడదని కూడా విధిస్తుంది.

సిద్ధాంతం ఇంతవరకు తేలిక. దాన్ని పామేడు దాకా తీసుకువెళితే బరువు తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ చర్ల మండలానికి ఆనుకుని ఉన్న ఈ ఊరికి సొంత జిల్లా కేంద్రం నుంచి వాహనంలో రావాలంటే చాలా ఏళ్లపాటు తెలంగాణ మీదుగా చుట్టు తిరిగి రావలసి వచ్చేది. సంతకూ వైద్యానికీ ఇక్కడివారు చూసేది చర్ల వైపు, భద్రాచలం వైపు. ఈ జిల్లా ఉన్న బస్తర్ ప్రాంతపు ఆదివాసుల్లో చాలామందికి సంప్రదాయంగా ఆవును పితికే అలవాటు లేదు. ఆవు పాలు దూడవి అన్నది వారి భావన, గౌరవించదగిన భావన కూడా. అటువంటి పల్లెలో తల్లి పాలకు బదులు డబ్బా పాలే గతి, దానికి డబ్బు కావాలి, కాచిన నీళ్లు కావాలి, పూటపూటా పొయ్యి వెలగాలి; ఏ ఒక్కటి తప్పినా బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి, ఆ విరేచనాలు ప్రాణం తీయగలవు. మొదటి ఆరు నెలలు తల్లి పాలే పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంత గట్టిగా చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం. బిడ్డ రక్తంలో లిథియం కొలిచే వసతి అందుబాటులో లేనిచోట పాలిచ్చినా ప్రమాదమే, పోతపాలు పట్టినా ప్రమాదమే. నివ్వరి పండని చోట ప్రతినిధి న్యాయం చెప్పి ఏం లాభమన్న ఆక్షేపణకు జవాబు ఒక్కటే: ద్రవ్యాన్ని సమకూర్చే భారం యజమాని ఒక్కరిది కాదు. ఏ మందు వాడాలి, ఏ పాలు పట్టాలి, రాత్రి బిడ్డను ఎవరు చూడాలి అన్నవి నొప్పులు మొదలయ్యాక తేల్చుకునేవి కావు. కడుపుతో ఉన్నప్పుడే వైద్యుడితో కూర్చుని ఇంటివారందరూ తేల్చుకోవలసినవి.

తెలుగిళ్లలో వెనకటినుంచీ ఉన్న ఉగ్గుగిన్నెను ఇక్కడ తలచుకోవాలి. పిచ్చుక ముక్కులాంటి మూతి ఉన్న ఆ చిన్న గిన్నెకు కంటికి కనబడని మూలలు ఉండవు. మరిగే నీళ్లలో వేసి తీసి, లోపల మరక ఉందో లేదో వేలితో తడిమి చూడవచ్చు. మురికి దాగే పాలపీక కన్నా అది ఎంతో మేలు. మందు పాలకు అడ్డురాని తల్లి పగలు పాలు పిండి ఉంచితే, రాత్రి ఒక పూట అత్తో ఆడపడుచో, మరీ ముఖ్యంగా భర్త, ఆ గిన్నెతో పట్టవచ్చు. ఆమెకు నాలుగైదు గంటలు తెగని నిద్ర దొరుకుతుంది. ఉన్మాదం పొంచి ఉన్న తల్లికి ఆ నిద్ర కూడా మందే.

తల్లిపాలను ప్రోత్సహించడానికి కేంద్రం 2016లో మొదలుపెట్టిన కార్యక్రమానికి ‘మా’ అని పేరు. తల్లుల సంపూర్ణ అనురాగం అని దాని విస్తరణ. ఉద్దేశం మంచిదే, కార్యక్రమం అవసరమైనదే. కాని పాలనూ అనురాగాన్నీ ఒకటి చేసిన ఆ పేరు, మందు కోసం పాలు మానిన తల్లి చెవిలో నేరారోపణలా పడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూపు ఇంకా లోతైనది. చికిత్స పొందుతున్న తల్లినుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదని, బిడ్డకు ప్రమాదముందని వేరు చేయవలసి వచ్చినా ఆ నిర్ణయాన్ని పదిహేను రోజులకోసారి తిరిగి చూడాలని అది శాసిస్తుంది. బిడ్డకు తల్లి కావాలన్నదే అక్కడి మూలసూత్రం. పాల ప్రస్తావన అందులో లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనూ ఒక్కచోటే ఉంచి వైద్యం చేసే విభాగం నడుస్తున్నది.

పామేడుకు బెంగళూరు దూరం. మానసిక సమస్యలకు ఫోనులో సాయపడేందుకు 2022లో మొదలైన టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతారు గాని, ఆ నంబరు బాలింత చేతికి చేరవేసేది ఊళ్లోని మనిషే. ఛత్తీస్‌గఢ్‌లో ఆ మనిషి మితానిన్, తెలంగాణలో ఆశా కార్యకర్త. ఆస్పత్రిలో కాన్పయిన ఇంటికి ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి బిడ్డను తూచి, ఒళ్లు వెచ్చబడిందేమో చూస్తుంది. గడపలో అడుగుపెట్టగానే ‘పాలు పడుతున్నాయా’ అని అడగడం అందరికీ అలవాటు. ఆ ప్రశ్నకు ముందు, ‘రాత్రి నిద్ర పట్టిందా తల్లీ’ అని ఆ ఆరుసార్లూ అడగాలని ఆమెకూ, చూడవచ్చే చుట్టాలందరికీ మనవి.