దేవతలు చుట్టపుచూపుగా వచ్చే దీవి

బాలికి వెళ్లే జంటల ప్లాన్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సెమిన్యాక్‌లోనో నూసా దువాలోనో సముద్రం పక్కన రెండు మూడు రోజులు, ఉబుద్‌లో వరిమడుల మధ్య ఇంకో రెండు రోజులు, ఉలువాతు కొండకొమ్మున పొద్దుగుంకే వేళ కెచక్ నాట్యం, మధ్యలో వీలు చూసుకుని ఒక గుడి. 2024లో ఆ దీవికి వచ్చిన విదేశీయుల్లో ఆస్ట్రేలియన్ల తర్వాతి స్థానం భారతీయులది. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి బయల్దేరే కొత్త జంటలదీ ఇదే వరస. ఈ పట్టికలో బీచ్‌తో పేచీ లేదు. చిక్కంతా ఆ ‘ఒక గుడి’ దగ్గరే. ఎవరో చేసుకుంటున్న పూజను, ఆ పూజతో సంబంధం లేని మనిషి చూడటానికి వెళ్తే అక్కడ జరిగేదేమిటి? చూసేవాళ్లు పోగైనంత మాత్రాన పూజ ప్రదర్శన అయిపోతుందా?

ఈ ప్రశ్నకు బాలి వాళ్ల జవాబు, అసలు ప్రేక్షకుడు ఎవరన్న దగ్గర మొదలవుతుంది. అక్కడ ‘వయాంగ్ లెమా’ అనే తోలుబొమ్మలాట ఉంది. తోలుబొమ్మలాట అంటే రాత్రి, తెర, తెర వెనక దీపం. ఇది మాత్రం తెర లేకుండా, నీడలు పడకుండా పట్టపగలు నడుస్తుంది. తెర ఉండాల్సిన చోట ఒక నూలుదారం కట్టి ఉంటుంది, అంతే. ఒకపక్క పూజారి మంత్రాలు చదువుతుంటారు, ఇంకోపక్క ఆడవాళ్లు నైవేద్యాలు సర్దుతుంటారు. బొమ్మల వంక చూసే మనిషి ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. ఆడించేవాడికి ఆ బెంగ లేదు. ఆ ఆట దేవతల కోసం.

తెలుగువాళ్లకు అక్కడి గుడే ఓ ఆశ్చర్యం. ‘మనదే కదా’ అన్న ధీమాతో లోపలికి అడుగుపెడతారు. ఆ ధీమాకు ఆధారం లేకపోలేదు. బాలి హిందువులు రోజుకు మూడుసార్లు చదివే త్రిసంధ్య ప్రార్థన గాయత్రీ మంత్రంతోనే మొదలవుతుంది. కానీ గర్భగుడి కోసం వెతికితే దొరకదు. ఆరుబయట ఆవరణలు, అంతస్తులు అంతస్తులుగా కప్పులు పేర్చిన మేరు గోపురాలు, ఎత్తుగా కట్టిన రాతి పద్మాసనం కనిపిస్తాయి. పద్మాసనం పైన విగ్రహం ఉండదు. వాళ్లు ‘సంగ్ హ్యాంగ్ విధి’ అని పిలిచే పరమాత్మకు వేసిన పీఠం అది. దేవతలు ఆ గుళ్లలో నిత్యం కాపురం ఉండరు. ‘ఒడాలన్’ అనే గుడి పండుగ నాడు దిగివస్తారు. చాలా గుళ్లలో ఇది 210 రోజులకోసారి వస్తుంది. పూలు, పండ్లు, మాంసం, సారా, పాట, ఆట అన్నీ అందుకుని దేవతలు మళ్లీ వెళ్లిపోతారు. తిరుమలలో క్షణం దర్శనం కోసం గంటలు క్యూలో నిలబడే మనిషికి ఇది కొత్త లెక్క. ఇక్కడ దేవుడు ఇంటి యజమాని కాదు, అతిథి. యజమానులు ఊరివాళ్లు.

ఆ లెక్కన పర్యాటక జంట స్థానం పెళ్లివారింటికి వేరే పని మీద వచ్చిన చుట్టంలాంటిది. కూర్చోమంటారు, కాఫీ ఇస్తారు, కానీ ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నది వేరేవాళ్ల కోసం. గుడి వాకిట్లో బోర్డు మీద రాసి ఉండే నియమాలన్నీ ఇలా చూస్తేనే అర్థమవుతాయి. నడుముకు సారంగ్, దాని మీద పట్టీ కట్టుకోవాలి. మొక్కుతున్నవాళ్ల ముందు నుంచి నడవకూడదు. పూజారి కంటే ఎత్తులో నిలబడకూడదు. ఫొటో బాగా వస్తుందని గోడ ఎక్కేవాళ్లు పూజకు ఆటంకం కలిగించడం ఒక ఎత్తు, పిలిచిన అతిథికి అడ్డంగా నిలబడటం ఇంకో ఎత్తు. 2022లో తబనాన్ ప్రాంతంలో ఓ పవిత్ర వృక్షం దగ్గర నగ్నంగా ఫొటోలు దిగిన విదేశీ పర్యాటకురాలిని, ఆమె భర్తను ప్రభుత్వం దేశం నుంచి పంపించేసింది. అయితే ఆ చోటుకు అంటిన మైల పంపించేసినంత మాత్రాన పోదని, శుద్ధి జరగాలని ఊరివాళ్ల నమ్మకం.

అలాగని బాలి తలుపులు మూసుకోలేదు, గీతలు గీసుకుంది. 1971లో దెన్‌పసార్‌లో పండితులు, కళాకారులు, అధికారులు కూర్చుని నాట్యాలను మూడు వర్గాలు చేశారు. గుడి లోపలి ప్రాంగణంలో పూజలో భాగంగా జరిగేవి వలి. నడిమి ప్రాంగణంలో ఉత్సవానికి తోడుగా ఆడేవి బెబలి. బయట అందరి వినోదం కోసం ఆడేవి బలిహ్-బలిహన్. 2015లో యునెస్కో బాలి నాట్యాలను వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఈ మూడు వర్గాల కిందే.

గీత గీయడం తేలికే, అది నిలబడటం కష్టం. పెండెత్ గుడిలో దేవతలకు స్వాగతం పలికే నాట్యం. రానురాను అది హోటళ్లలో, సభల్లో అతిథులను ఆహ్వానించే నాట్యమైంది. దేవుడి నాట్యం మనుషుల ముందా అని కొందరు నొచ్చుకోవడంతో, 1970 ప్రాంతంలో అచ్చంగా మనుషుల కోసమే పన్యెంబ్రామ అనే కొత్త నాట్యం కూర్చారు. కొన్నాళ్లకు అది గుడిలోకి వెళ్లింది. దేవతల ముందు కూడా దాన్ని ఆడటం మొదలుపెట్టారు. జనం కోసం పుట్టింది అపవిత్రమని, దేవుడి కోసం పుట్టింది పవిత్రమని పుట్టుకను బట్టి తీర్పు చెప్పేవాళ్లకు ఈ ప్రయాణం మింగుడుపడదు.

కెచక్ సంగతీ అలాంటిదే. ‘చక్ చక్’ అంటూ వలయంగా కూర్చున్న మగవాళ్ల మధ్య సీతాపహరణం చూస్తున్న తెలుగు జంటకు అది వేల ఏళ్ల నాటిదని అనిపిస్తుంది. నిజానికి ఈ రూపం 1930లలో కుదిరింది. ఊరికి రోగాలు ముసిరినప్పుడు పూనకంతో చేసే సంఘ్యాంగ్ క్రతువులోని బృందగానాన్ని తీసుకుని, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్, బాలి నర్తకుడు వయాన్ లింబాక్ రామాయణ కథతో జతచేశారు. చూడవచ్చే విదేశీయులే దాని మొదటి ప్రేక్షకులు. అయినా ఈనాటికీ ఆట మొదలయ్యే ముందు పూజారి వచ్చి నర్తకుల మీద తీర్థం చల్లుతారు. టికెట్ కొన్నవాళ్ల కోసం ఆడినా, ఆడేవాళ్లకు ఆ నీళ్లు కావాలి.

బీచ్‌తో పేచీ లేదన్న మాటను కూడా కొంచెం సవరించాలి. బాలిలో కొండ వైపు దేవతల దిక్కు, సముద్రం వైపు మలినాలు వదిలించుకునే దిక్కు. దహనం తర్వాత చితాభస్మం కలిపేది అక్కడే. న్యెపి పండుగకు కొన్ని రోజుల ముందు దేవతల ప్రతీకలను ఊరేగింపుగా తెచ్చి శుద్ధి చేసే ‘మెలాస్తి’ కూడా ఆ ఒడ్డునే జరుగుతుంది.

న్యెపి వాళ్ల శక సంవత్సరాది. ఒక్కోసారి మన ఉగాదితో కలిసి వస్తుంది, 2023లోనూ 2026లోనూ అలాగే కలిసింది. ఉగాదికి ఇక్కడ పచ్చడి, పంచాంగ శ్రవణం, కొత్త బట్టలు. అక్కడ నిప్పు రాజేయరు, దీపం పెట్టరు, పనికి వెళ్లరు, గడప దాటరు, వినోదం తలపెట్టరు. విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తున్నారు. ‘పెచలాంగ్’ అనే ఊరి కాపలాదారులు వీధులు చూసుకుంటారు. పర్యాటకులు హోటల్ ఆవరణ దాటకూడదు. చూడటానికి వచ్చినవాళ్లకు ఆ ఒక్కరోజు చూసేందుకు ఏమీ ఉండదు. నమ్మకం లేకపోయినా వ్రతంలో భాగమైపోతారు. బలవంతపు వ్రతానికి ఫలం ఉందా అన్న వాదన మన శాస్త్రచర్చల్లోనూ నలిగినదే. బాలి వాళ్లకు ఆ వాదనతో పని లేదు. వాళ్లకు కావలసింది ఆ రోజు దీవి మీద దీపం కనిపించకపోవడం. అది ఎవరి గదిలోదైనా సరే.

కాబట్టి ప్లాన్ వేసే జంట మొదట చూడాల్సింది హోటల్ ధరలు కాదు, బాలి క్యాలెండర్. ఇక డబ్బు సంగతికొస్తే, 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ పర్యాటకులు సంస్కృతి, పర్యావరణ పరిరక్షణకని 1,50,000 రూపియాల రుసుము కట్టాలి. అది దీవిలో అడుగుపెట్టినందుకు. గుడి లోపలి హక్కుల్ని అది కొనిపెట్టదు.

అసలు నిర్ణయం తంపక్‌సిరింగ్‌లోని తీర్థ ఎంపుల్ గుడి దగ్గర తీసుకోవాల్సి వస్తుంది. ఊటనీటి కొలనులో వరసగా ధారలు పడుతుంటాయి. ఒక్కోదాని కింద తల వంచి మొక్కుకుంటూ ముందుకు సాగాలి. రెండు ధారలు మాత్రం చనిపోయినవారి కర్మలకు సంబంధించినవి, వాటిని దాటేసి వెళ్లాలి. నెలసరిలో ఉన్నవారు, ఇంట్లో చావు మైల ఉన్నవారు ప్రాంగణంలోకి రాకూడదు. మైల మాట తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఒప్పుకోవాలా వద్దా అన్న వాదన మన ఇళ్లలోనూ నడుస్తోంది. ఇద్దరిలో ఒకరికి ఆ నీటి మీద నమ్మకం కలగవచ్చు, ఇంకొకరికి కలగకపోవచ్చు. ఒకరు కొలనులోకి దిగి, మరొకరు కెమెరా లేకుండా గట్టు మీద కూర్చుంటే తప్పేం లేదు. కేవలం ఫొటో కోసం ధార కింద నిలబడితే మాత్రం, వెనక మొక్కుకోవడానికి వచ్చిన కుటుంబం ఇంకాసేపు నీళ్లలో నిలబడి వేచి ఉండాలి. చూడాలన్న కోరికే ఇద్దరికీ ఎక్కువైతే, సాయంత్రం ఉబుద్ రాజప్రాసాదంలో లెగాంగ్ నాట్యం ఆడతారు. టికెట్ కొన్నవాళ్లకు అక్కడ కుర్చీలు వేస్తారు.