తాళాలు పట్టిన పిల్లవాడు

ఒగ్గు కథ చెప్పే ఇంట్లో పిల్లవాడికి పాఠం మొదలైన రోజంటూ ఉండదు. బీరప్ప గుడి ముందు రాత్రంతా కథ నడుస్తుంటే, తండ్రి వెనకాల తాళాలు పట్టుకొని నిలబడతాడు. నిద్ర ముంచుకొస్తుంటుంది. చూపు మాత్రం కథకుడి గజ్జె కాలి మీదే. ఆ కాలు నేల మీద పడే తీరును బట్టి డోలు మారాలి, డోలును బట్టి తాళం మారాలి. ఎవరూ నోరు విప్పి చెప్పరు. తాళం తప్పితే డోలు కొట్టే పెదనాయన ఒక్క చూపు చూస్తాడు, అంతే. కరీంనగర్ పల్లెల్లో ఇట్లాంటి పిల్లల్ని చూస్తూ పెరిగాను. నీకిది ఇష్టమేనా అని వాళ్లను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న నన్ను వదలదు.

అడిగి ఉండరు. దుక్కి దున్నే ఇంట్లోనూ, మగ్గం నేసే ఇంట్లోనూ ఎవరినీ అడగలేదు. అయితే మనసు లేకున్నా నాగలి పట్టొచ్చు. మనసు పెట్టని గొంతుతో మల్లన్న కథ చెబితే జనం తెల్లారేదాకా కూర్చోరు. అందుకే ఆ ఇళ్ల పెద్దలు నేర్పడం కన్నా, పిల్లవాడు విని విని తానే అందులో పడేదాకా ఓపిక పట్టడమే ఎక్కువ.

ఆదిలాబాద్ అడవి పల్లెల్లో ప్రధాన్, తోటి తెగల కుటుంబాల పిల్లలదీ ఇదే బాట. గోండుల దేవతల కథలు, వంశాల పుట్టుక పాడి వినిపించాల్సింది వాళ్లే. చేతిలో మూడు తీగల కిక్రి, దాని మీద నడిచే కమాను. ప్రధాన్ల ఇంట్లో మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి, బడిలో చదివేది తెలుగు. అమ్మ లాలించే భాష ఒకటి, నాన్న పాడే భాష ఇంకొకటి! 1940లలో ఈ ఊళ్లు తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ప్రధాన్ల నోట విన్న పురాణాలతో రాజ్‌గోండుల మీద 1948లో పెద్ద గ్రంథం వేశారు. నిద్ర ఆపుకొని విన్న పిల్లలే పెద్దవాళ్లై ఆయనకు ఆ కథలు చెప్పి ఉంటారు.

కిక్రి పట్టే పిల్లవాడికి తండ్రి నుంచి వాద్యంతో పాటు ఇళ్లు కూడా సంక్రమిస్తాయి. ఫలానా గోండు ఇళ్లలో పెళ్లికి, చావుకు, వంశదేవత పెర్సాపేన్ పూజకు వాయించే హక్కు, అందుకు దక్కే ధాన్యమో, పశువో, రొక్కమో. పిలిచే గడపలు తగ్గుతూ పోతే వాద్యం ఒక్కటే మిగులుతుంది.

కళ రక్తంలో వస్తుందంటారు. నేను నమ్మను. వేములవాడ దగ్గరి హన్మాజీపేటలో ఒగ్గు కథకుడు మిద్దె రాములు గీత వృత్తి ఇంట్లో పుట్టారు. ఒగ్గు కథ వాళ్ల కులవృత్తి కాదు. అయినా దాన్ని పట్టుకొని 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా వెళ్లారు. ఊరు కూర్చొని వింది కాబట్టే ఆయన అంతవాడయ్యారు.

2021లో మర్లవాయి కనకరాజుకు గోండుల గుస్సాడి నాట్యానికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు కళ్లు చెమర్చాయి. కానీ పురస్కారం వచ్చేసరికి జీవితం గడిచిపోతుంది. పదేళ్ల పిల్లవాడికి కావలసింది వచ్చే వారం ఒక పిలుపు. అది ఇవ్వకుండా, కొడుకు తాత విద్య వదిలేశాడని ఆ ఇంటిని తప్పుబట్టడం అన్యాయం.

పెళ్లయ్యాక మల్లన్న పట్నాలు వేయించే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. మీ ఇల్లు అందులో ఒకటైతే, ఆ పూట చెప్పించే ఒగ్గు కథను గంటకు కుదించమనకండి. తెల్లారేదాకా కూర్చోండి. లేచేటప్పుడు తాళాలు పట్టిన పిల్లవాడి కట్నం వాడి చేతికే ఇవ్వండి.