పాత ఊళ్లో కొత్త ఇళ్లు



హైదరాబాద్ శివారు కాలనీల్లో కొన్నిచోట్ల ఒక చిన్న రాయి కనిపిస్తుంది. పసుపు, కుంకుమ పూసి ఉంటుంది. అది బొడ్రాయి. ఊరి నడిబొడ్డు.

ఒకప్పుడు దాని చుట్టూ ఊరు. ఊరి పక్కన చెరువు. చెరువు కింద వరి. ఆ మడుల్లోనే ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లు. మనం కొత్త ఊరు కట్టలేదండీ. పాత ఊళ్లోకి అద్దెకొచ్చాం. సొంత ఫ్లాటైనా సరే!

ఆ సంగతి మనం మరిచినా, నీళ్లు మరవవు. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? చెరువులు పొంగాయి. ఎన్నో కాలనీలు మునిగాయి. నీళ్లు తమ పాత తోవనే వచ్చాయి.

ఆ తోవ పాత ఊరివాళ్లకు తెలుసు. ఏ చెరువు ఎటు అలుగు పారేదో, ఏ కాలువ ఎక్కడ పూడిందో చెబుతారు. బోనాలకు పోచమ్మ గుడికి సున్నం వేసేదీ వాళ్లే. మనమేమో చందా ఇచ్చి తలుపేసుకుంటాం.

మళ్లీ చెబుతున్నా. మనం వచ్చింది పాత ఊళ్లోకి. ఈ ఆదివారం పక్కనున్న పాత వీధికి వెళ్లండి. అరుగు మీది పెద్దమ్మనో, పెద్దయ్యనో పలకరించండి. మీ ఇల్లున్న చోట ఏ పంట పండేదో అడగండి. వాన నీళ్లు ఎటు పోయేవో కూడా అడగండి.