ప్రయోగం ఎవరిది?

మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు ఒక ప్రయోగం చేశాను. ఏడాదిపాటు హోంవర్కు సంగతి అడగనని దానికి మాటిచ్చాను. మూడో నెలకల్లా లెక్కల్లో తప్పింది. టీచరు మా ఇద్దర్నీ పిలిపించి నావైపే చూస్తూ, "ఉద్యోగాలు చేసే తల్లులతో వచ్చిన చిక్కే ఇది" అంది. పక్కనే కూర్చున్న దాని నాన్నని ఒక్క మాటా అనలేదు.

పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు అని చలం 'బిడ్డల శిక్షణ' రాశాడు. అది చదివే నేనీ పనికి దిగాను. కానీ తండ్రి చేస్తే ప్రయోగం, తల్లి చేస్తే నిర్లక్ష్యం!

ఇంగ్లండులో విన్నికాట్ అనే పిల్లల డాక్టరు 1953లో 'చాలినంత మంచి తల్లి' గురించి రాశాడు. ఆమె మొదట బిడ్డ అవసరాలకు దాదాపు పూర్తిగా అమరుతుంది. బిడ్డ తట్టుకోగలిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఊరటనిచ్చే మాటే. అయితే చాలిందో లేదో తేల్చేదెవరు? (ఆయనకు పిల్లలు లేరు. దెప్పడం కాదు, గుర్తొచ్చింది.)

నన్ను నిజంగా తొలిచింది వేరే. ప్రయోగం నాది, పోయిన మార్కులు దానివి. దాన్ని అడిగి చేశానా? లేదు. నేనిచ్చింది అది కోరని మాట.

ఆ రాత్రి, "తప్పు నాదేనమ్మా" అన్నాను.

"అయితే మానేస్తావా?"

"నువ్వే చెప్పు."

కాసేపు ఆలోచించి, "అడుగు. ఆదివారం మాత్రం అడక్కు" అంది.

ఆ ఏడాదంతా ఆదివారాలు నోరు కట్టేసుకున్నాను. రెండుసార్లు మాత్రం ఆగలేకపోయాను.