వాయుభక్షణము - ఋణభావము

ప్రతి ప్రాణీ మరొక ప్రాణిని ఆశ్రయించి, తరచు హింసించి జీవిస్తున్నది. భారతీయ నీతిచింతనను అనాదిగా బాధించిన సత్యమిది. ఎవరి సొమ్మూ హరింపక బ్రతకడం సాధ్యమా అనే ప్రశ్నకు పురాణాలు తపస్వి రూపంలో ఒక సమాధానాన్ని చూపినవి. భాగవతంలోని ధ్రువుడు తొలి నెలలో పండ్లు తిన్నాడు. రెండవ నెలలో ఆకులూ గడ్డీ తిన్నాడు. మూడవ నెలలో నీరు మాత్రమే త్రాగినాడు. నాలుగవ నెలలో గాలినే ఆహారంగా గ్రహించినాడు. ఆహారం సూక్ష్మమైనకొద్దీ హింస తగ్గుతుందనీ, గాలిని భుజించేవాడు ఎవరికీ ఋణపడడనీ ఈ క్రమంలో ఒక భావం స్ఫురిస్తుంది. తెలుగువారు పామును గాలిమేపరి అన్నారు. కాని పాము మేసేది గాలిని కాదు, కప్పను. అందుచేత వాయుభక్షణం కవికల్పన అని వివేకవంతులు తలచడం సహజమే.

అయితే గాలిని మేసే ప్రాణులు నిజంగానే ఉన్నవి. అవి ఉన్నది తపోవనాలలో కాదు, మట్టిలో. అంటార్కిటికాలోని బీడు నేలలలో కొన్ని సూక్ష్మజీవులు గాలిలోని ఉదజనినీ, కార్బన్ మోనాక్సైడునూ గ్రహించి, ఆ శక్తితోనే బ్రతుకుతున్నవని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. గాలిలో ఉదజని పాలు పది లక్షలకు అర వంతు మాత్రమే. అంత పలుచని ఆహారాన్ని పట్టగల ఒక ఎంజైము నిర్మాణం 2023లో వెల్లడి అయినది. వాతావరణం నుండి తొలగే ఉదజనిలో సుమారు నాలుగింట మూడు వంతులు మట్టిలోని జీవులే తొలగిస్తున్నవి. మరికొన్ని మీథేనును గ్రహిస్తున్నవి.

అట్లయితే ఈ జీవులను పుణ్యాత్ములనవచ్చునా? అనరాదు. మరొక విధంగా ప్రవర్తించగలిగి కూడ మంచిని ఎన్నుకొన్నప్పుడే పుణ్యం. సూక్ష్మజీవికి ఎన్నిక లేదు. కాని ప్రశ్న ఇక్కడితో ముగియదు. ఇచ్చేవానికి దానబుద్ధి లేనంత మాత్రాన పుచ్చుకొన్నవానికి ఋణం లేకుండా పోతుందా?

నత్రజని చరిత్ర ఈ ప్రశ్నకు ప్రాణం పోస్తున్నది. గాలిలో 78 శాతం నత్రజనియే. అయినా మొక్క దానిని నేరుగా గ్రహించలేదు. పప్పుజాతి మొక్కల వేళ్ళపై బుడిపెలలోని జీవులు ఆ పని చేస్తున్నవని 1880ల చివర జర్మనీలో హెల్రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించినారు. 1888లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ జీవులను వేరుచేసి చూపినాడు. వరిమళ్ళలో నీలిఆకుపచ్చ నాచు గాలి నుండి నత్రజనిని పట్టి మట్టికి చేర్చుతున్నదని 1939లో పి. కె. దే ప్రకటించినాడు. వరి కోతకు ముందే మడిలో మినుములు, పెసలు చల్లే కృష్ణా గోదావరి డెల్టాల రైతుకు ఈ శాస్త్రం పేర్లు తెలియకపోవచ్చును. పప్పుపైరు నేలకు బలమనే సంగతి తెలుసును.

ఇది దానం కాదు, బేరం అని కొందరు ఆక్షేపించవచ్చును. మొక్క చక్కెర ఇస్తుంది, జీవి నత్రజని ఇస్తుంది. 2003లో ప్రకటితమైన ఒక ప్రయోగంలో సోయా వేళ్ళ చుట్టూ నత్రజనికి బదులు ఆర్గాన్ నింపగా, పనిచేయలేని బుడిపెలకు మొక్క ప్రాణవాయువును తగ్గించినది. బేరంలో దండన కూడ ఉన్నదన్నమాట. నిజమే. కాని ఆ బేరంలో మానవుడు లేడు. అతడు మూడవవాడు, పంటను ఇంటికి తీసుకొనిపోయేవాడు. ఇచ్చిపుచ్చుకొన్న ఆ ఇద్దరిమధ్య లెక్క తీరవచ్చును. మూడవవాని లెక్క మిగిలే ఉన్నది.

1909లో హాబర్ గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చి చూపినాడు; 1913లో ఓపావ్‌లో కర్మాగారం వెలసినది. ఆ హాబరే 1915లో ఈప్ర యుద్ధరంగంలో విషవాయు ప్రయోగాన్ని నడిపించినాడు. భారతదేశంలో 1951లో సింద్రీ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది. నేటి మానవులలో సుమారు సగంమంది ఆహారం ఈ కృత్రిమ నత్రజనిపై ఆధారపడి ఉన్నదని అంచనా. ఆకలి తీర్చిన విద్యను పాపమనడం అన్యాయం.

అయినా ఒక భేదాన్ని గమనించవలసి ఉన్నది. ఒక్క నత్రజని అణువును విడదీయడానికి సూక్ష్మజీవి కనీసం పదహారు ఎ.టి.పి. అణువులను, అనగా తన శక్తినాణెములను, వ్యయం చేయాలి. అందుచేత చుట్టూ అమోనియా చాలినంత ఉంటే అది పని మానుకొంటుంది. దాని మితత్వం సద్గుణం కాదు, మూల్యభయం. మానవునికి ఆ మూల్యం కనబడదు. యూరియా ధరను ప్రభుత్వమే తగ్గించి ఉంచుతున్నది. మిగిలిన మూల్యాన్ని ఊరి బావి నీరూ, ఆకాశమూ భరిస్తున్నవి. ఎక్కువైన నత్రజనిని మట్టిలోని వేరే జీవులు నైట్రస్ ఆక్సైడుగా మార్చి గాలిలోకి వదులుతున్నవి. అమోనియా ఎరువు మీథేనును మేసే జీవుల ఆకలిని మందగింపజేస్తున్నది. ఎరువు సమృద్ధిగా ఉన్న నేలలో పప్పుమొక్క బుడిపెలను కూడ తగ్గించుకొంటుంది. ఈ దోషాన్ని రైతు ఒక్కని నెత్తిన వేయడం ధర్మం కాదు. ధర నిర్ణయించినవారూ, చవుకగా భుజించినవారూ అందులో భాగస్వాములే.

ప్రకృతి హద్దు పెట్టినచోట ధర్మబోధ అనవసరం. హద్దు తొలగినచోటనే దాని అవసరం. ప్రాచీనులు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడింటిని చెప్పినారు. పంచమహాయజ్ఞాలలో సకల ప్రాణులకూ పాలుపెట్టే భూతయజ్ఞాన్ని చేర్చినారు. కంటికి కనబడని ప్రాణులకు కృతజ్ఞత చెప్పడం వ్యర్థం, అవి వినవు. వాటి పనిని చెడగొట్టకుండడమే వాటికి తీర్చగల ఋణం: ఎరువును కొలిచి వేయడం, గడ్డిని కాల్చక నేలకు ఇవ్వడం, వరి తరువాత పప్పుకు చోటివ్వడం. ధ్రువుడు ప్రతి నెలా ఒకటి విడిచినాడు, విడువగలిగి విడిచినాడు. సూక్ష్మజీవికి లేనిదీ, మానవునికి ఉన్నదీ ఆ శక్తియే.